ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, వణికిపోతున్నాను

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 34. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త కొండకు జీపు నడుపుతారు. నాలుగో తరగతి చదివే పాప, అత్తగారు కలిసి నలుగురు.

చిన్నతనంలో వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడు చేసింది. పాపకు ఏడాది నిండకముందే, 2017లో, మైట్రల్ కవాటం తీసేసి లోహపు కవాటం అమర్చారు. అప్పటి నుంచి రోజూ రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర, ఆ మాత్ర రక్తాన్ని ఎంత పలచన చేసిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలకోసారి, 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్. బతుకు ఒక దారిలో పడింది అనుకున్నారు. పోయిన ఏడాది ఆడపడుచు పెళ్ళి పనులు సాగుతుండగా సాయంత్రం పూట చలి జ్వరం మొదలైంది. రాత్రి దిండు తడిసేలా చెమటలు. పెళ్ళి ఇంట్లో జబ్బు మాట ఎందుకని ఎవరికీ చెప్పలేదు. వీధి చివరి క్లినిక్‌లో టైఫాయిడ్ అన్నారు, ఇంజక్షన్లు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. గుండెలో లోహపు కవాటం ఉందని అక్కడ ఆమె చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. నాలుగో వారానికి మేడమెట్లు ఎక్కలేక కూలబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం కల్చర్ చేశారు, గొట్టం మింగించి ఎకో తీశారు. కవాటం మీద క్రిములు గడ్డకట్టి ఉన్నాయని తేలింది. 42 రోజులు సూదులతో మందు ఎక్కించారు. మళ్ళీ గుండె తెరవాల్సి రావచ్చన్నారు, అదృష్టవశాత్తు రాలేదు. ఆ క్రిమి సాధారణంగా నోటిలో ఉండేదని డాక్టరు చెప్పారు.

ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. “అందరూ నన్ను గెలిచివచ్చిన మనిషిలా చూస్తున్నారు. నేను మాత్రం రోజుకు తొమ్మిదిసార్లు థర్మామీటరు పెట్టుకుంటున్నాను” అని రాశారు. ఆ అంకెలు రాసుకునేది కొలతల పుస్తకంలోనే. ఎవరి జాకెట్టు భుజం పదమూడున్నర, చేతి పొడవు తొమ్మిది అన్న వరస పక్కనే 98.9, 99.1, మళ్ళీ 98.8. థర్మామీటరు కూత వినగానే భర్త లేచి బయటికి వెళ్ళిపోతారు. “పోయిన జ్వరం పట్టుకుని ఇంకా ఎన్నాళ్ళు?” అంటారు. ఇక అత్తగారు. ఆసుపత్రి ఖర్చుకు తన రెండు పేటల గొలుసు కుదువ పెట్టిన మనిషి. కోడలు లేచి తిరిగితే అలిపిరి నుంచి నడిపించి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నారు. దేవుడి పటం దగ్గర పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఉంది. “ఆయన వడ్డికాసులవాడు. ఆలస్యం చేస్తే వడ్డీతో సహా రాబట్టుకుంటాడు” అని వారానికోసారి గుర్తుచేస్తున్నారు. కాదనలేరు, నడవగలనన్న ధైర్యమూ లేదు. నేనేం చేయాలి అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఏడు పేజీల్లో భయం గురించి ఉంది, మొక్కు గురించి ఉంది, మీ వారి గురించి ఉంది. చిట్టచివర ఒకే ఒక్క వాక్యం ఇలా ఉంది: “కింది దవడలో ఒక పన్ను రెండు నెలలుగా సలుపుతోంది, చిగురు ఉబ్బింది, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటున్నాను, ఇంట్లో తెలియదు.” నేను అక్కడే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒక నెల ఆగగలవు. ఇది ఆగకూడదు. ఈ సమాధానం రాసే ముందు ఒక గుండె వైద్యుణ్ణి, ఒక దంతవైద్యురాలిని కూర్చోబెట్టి అడిగాను. మందుల సంగతి వారి మాట మీదే రాస్తున్నాను. చివరి మాట మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరుదే.

మీరు దంతవైద్యుల దగ్గరికి ఎందుకు వెళ్ళడం లేదో నాకు అర్థమైంది. నోటిలోని క్రిమి రక్తంలోకి పోయి కవాటం మీద కూర్చుందని విన్నారు. పన్ను కదిలిస్తే మళ్ళీ అదే జరుగుతుందని భయపడ్డారు. అందులో సగం నిజమే. పన్ను తీసినప్పుడు, చిగురు లోపల శుభ్రం చేసినప్పుడు క్రిములు కాసేపు రక్తంలోకి చేరతాయి. కానీ ఉబ్బిన చిగురుతో అన్నం నమిలినా, బ్రష్షుతో తోముకున్నా చేరతాయి. దంతవైద్యుల కుర్చీలో అది ఒక్కసారి, ముందుగా మందు వేసుకున్నాక జరుగుతుంది. మీ ఇంట్లో రెండు నెలలుగా పూటపూటకూ, ఏ అడ్డూ లేకుండా జరుగుతోంది. మీరు ప్రమాదమని తప్పించుకుంటున్నది చికిత్సను, భరిస్తున్నది ప్రమాదాన్ని.

కృత్రిమ కవాటం ఉన్నవారికి, ఈ ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చి తగ్గినవారికి, చిగుళ్ళను కదిలించే ఏ పంటి చికిత్సకైనా అరగంట నుంచి గంట ముందు ఒక్క మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలి. మీరు ఆ రెండు కోవల్లోనూ ఉన్నారు. మామూలుగా అమాక్సిసిలిన్ రెండు గ్రాములు ఇస్తారు. మీ విషయంలో ఒక మెలిక ఉంది, దాన్ని మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలి. మీరు 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్ తీసుకుంటున్నారు. అది కీళ్ళ జ్వరం తిరగబెట్టకుండా కాపాడటానికే. పంటి చికిత్సకు అది చాలదు. పైగా ఏళ్ళ తరబడి పెనిసిలిన్‌కు అలవాటుపడిన నోటి క్రిములు ఆ జాతి మందులకు లొంగకపోవచ్చు. అందుకని మీలాంటివారికి వేరే జాతి మందు ఎంచుకుంటారు. దంతవైద్యులకు ఈ ఇంజక్షన్ సంగతి తెలియకపోతే వారు మామూలు మందే రాస్తారు. తప్పు వారిది కాకపోయినా నష్టం మీకే.

మీరు వేసుకుంటున్న మాత్రల పేర్లు రాయలేదు. నాకు అది మరీ ఆందోళనగా ఉంది. పంటి నొప్పి అనగానే షాపులో చేతికిచ్చేవి తరచుగా రెండే రకాలు. ఒకటి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర. రెండోది మెట్రోనిడజోల్ కలిసిన యాంటీబయాటిక్. అసిట్రోమ్ వేసుకునేవారికి మొదటిది కడుపులో రక్తస్రావం తేవచ్చు. రెండోది ఐఎన్ఆర్‌ను అమాంతం పెంచేయవచ్చు, అంటే రక్తం మరీ పలచబడుతుంది. మీ ఐఎన్ఆర్ రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలని చెప్పి ఉంటారు. ఈ మాత్రల మీద అది ఎంత ఉందో చూడకుండా ఇంకో రోజు గడపవద్దు. ఈ సమాధానం చదివిన వెంటనే పరీక్ష చేయించుకోండి. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా రిపోర్టు కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఆ మాత్రల అట్ట పారేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇంకొకటి. పన్ను తీయాలంటే నాలుగు రోజుల ముందు నుంచి అసిట్రోమ్ మానేయాలని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. గుండె డాక్టరు మాట లేకుండా ఒక్క పూట కూడా మానవద్దు. మైట్రల్ స్థానంలో ఉన్న లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఆ గడ్డ కవాటాన్ని బిగించేయవచ్చు, జారి మెదడుకు పోవచ్చు. ఐఎన్ఆర్ హద్దులో ఉంటే చాలాసార్లు మాత్ర ఆపకుండానే ఒక పన్ను తీసి, కుట్టు వేసి, గాజుగుడ్డ అదిమి రక్తం ఆపుతారు. పన్ను నిలబెట్టే వీలుంటే లోపల శుభ్రం చేసి నింపుతారు, లేదంటే తీసేస్తారు. నిలబెట్టడానికి రెండు మూడుసార్లు తిరగాలి, వెళ్ళే ముందు ప్రతిసారీ మందు కావాలో వద్దో అడగాలి. తీసేస్తే ఒక్క రోజుతో పోతుంది, అయితే నమలడానికి ఒక పన్ను తక్కువ. ఏది మేలో నోరు చూసినవారు చెప్పాలి. ఏదీ చేయకుండా ఉండటం మాత్రం మీకు ఉన్న దారుల్లో ఒకటి కాదు.

ఇప్పుడు మీ భయం సంగతి.

మీ వారు “పోయిన జ్వరం” అంటున్నారు. ఆయనకు చదివి వినిపించడానికి ఒక మాట రాస్తాను, మీకు ఇది తెలిసే ఉంటుంది. కృత్రిమ కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరినవారిలో, మంచి వైద్యం అందినా, ఐదుగురిలో కనీసం ఒకరు తిరిగి రారు. చాలాచోట్ల అంతకంటే ఎక్కువే. మీరు అటువంటి దాని నుంచి బయటపడ్డారు. 42 రోజులు పక్క మంచాలు ఖాళీ అవడం చూశారు. అది చూసిన మనిషి ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి మునుపటిలా కుట్టుమిషను తొక్కాలంటే ఎలా? ప్రాణాపాయం దాటినవారికి నెలల తరబడి ఇలాంటి బెదురు ఉండటం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. “బతికినందుకు సంతోషించక ఏడుస్తున్నానేమిటి” అని రాశారు. సంతోషమూ భయమూ ఒకే గుండెలో ఉండవచ్చు. దేవుడికి కృతజ్ఞత చూపడం లేదన్న నింద మీ మీద మీరే వేసుకోకండి.

అయితే థర్మామీటరు మీకు సాయం చేయడం లేదు. ఎందుకంటే అది కొలుస్తున్న దానిలో చాలా భాగం జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్ళు తెల్లవారుజామున చల్లగా, సాయంత్రానికి దాదాపు ఒక డిగ్రీ వెచ్చగా ఉంటుంది. స్త్రీలకు నెలసరికి ముందు రెండు వారాలు ఇంకో అర డిగ్రీ పెరుగుతుంది. మీరు పంపిన పేజీ నకలులో 99.1, 99.0 అన్నవన్నీ సాయంత్రం ఐదు, ఆరు గంటలవే. ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చుని లేచాక చూసినవి కూడా అందులో ఉండే ఉంటాయి. వైద్యులు జ్వరమని లెక్కపెట్టేది 100.4 నుంచి. ఎనిమిది నెలల్లో మీ పుస్తకంలో ఆ అంకె ఒక్కసారీ లేదని మీరే రాశారు. అదే క్రిమి తిరగబెట్టడం అన్నది ఉంటే, చాలావరకు మందు ఆపిన తొలి నెలల్లో, ఆరు నెలల లోపు జరుగుతుంది. మీరు ఆ గడువు దాటారు. కొత్తగా మరో క్రిమి చేరే ప్రమాదం మాత్రం మామూలు మనుషులకంటే మీకు ఎప్పటికీ ఎక్కువే. అది దాచను. కానీ మిమ్మల్ని కాపాడేది పన్ను, చర్మం జాగ్రత్తగా చూసుకోవడం, సమయానికి చేసే రక్త పరీక్ష. గంటగంటకూ చూసే అంకె కాదు.

కొలవడం ఒక్కసారిగా మానేయమంటే మీ వల్ల కాదు, నేను అనను కూడా. రెండు దారులున్నాయి. ఒకటి, ఒక నెల పాటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదే వేళకు చూడటం. ఆ తరువాత ఒంట్లో బాగోలేదనిపించినప్పుడే చూడటం. మొదటి వారం చేతులు పీకుతాయి, నిద్ర పట్టదు. మూడో వారానికి తేలికపడుతుంది. రెండోది, ఒక్కరే ఈ పని చేయలేననిపిస్తే మానసిక వైద్యుల సాయం తీసుకోవడం. దానివల్ల నలుగురి నోళ్ళు ఆడుతాయన్న జంకు ఉంటే ముందు ఇంట్లో నుంచే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. ప్రభుత్వానిది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. మందు రాస్తే మాత్రం అసిట్రోమ్ వేసుకుంటున్నానని ముందే చెప్పండి, కొన్ని మందులు దానితో కలిస్తే రక్తస్రావం ఎక్కువ చేస్తాయి. మొదటి దారి పట్టి కుదరకపోతే రెండోదానికి వెళ్ళడంలో ఓటమి ఏమీ లేదు.

థర్మామీటరు స్థానంలో మీ దగ్గర ఉండాల్సింది ఒక చిన్న అట్టముక్క. దాన్ని పర్సులో పెట్టుకోండి, ఒక నకలు మీ వారి జీపులో ఉంచండి. మీరు దర్జీ పని చేసేవారు, కొలత తప్పకుండా రాయడం మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. అందులో రాయాల్సినవి: గుండెలో ఏ కవాటం, ఏ సంవత్సరం వేశారు, కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది, ఆ క్రిమి పేరు ఇది, మీ డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, అసిట్రోమ్ మోతాదు, ఐఎన్ఆర్ హద్దు, పెనిసిలిన్ ఇంజక్షన్ తేదీ. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో: జ్వరం వస్తే రక్తం కల్చర్‌కు తీయకుండా యాంటీబయాటిక్ ఇవ్వవద్దు.

ఆ చివరి వాక్యం ఎందుకో చెబుతాను, ఎందుకంటే పోయినసారి ఆలస్యమంతా అక్కడే జరిగింది. కల్చర్ అంటే రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూడటం. వేరువేరు చోట్ల నుంచి కనీసం మూడుసార్లు రక్తం తీస్తారు. ముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి సీసాలో పెరగదు, కవాటం మీద మాత్రం పెరుగుతూనే ఉంటుంది. జ్వరం రెండు రోజులు తగ్గుతుంది, మనం బాగైంది అనుకుంటాం. అందుకని 100.4 దాటితే, లేదా కారణం తెలియని చలి, రాత్రి చెమటలు, తగ్గిపోతున్న బరువు ఉంటే, వీధి క్లినిక్‌లో ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మన ఊళ్ళో స్విమ్స్ ఉంది, రుయా ఉంది. ఈ పరీక్ష కోసం వేలూరుకో చెన్నైకో పరుగెత్తనక్కరలేదు. ఒంట్లో ఒక పక్క చచ్చుబడినా, మాట తడబడినా, పడుకుంటే ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయవద్దు.

రాత్రి నిశ్శబ్దంలో కవాటం చేసే టిక్కుటిక్కు వింటూ పడుకుంటానని రాశారు. ఆ శబ్దం రోజూ వినపడటం మంచిదే. అది మందగించినా, వినపడకపోయినా అది డాక్టరుకు వెంటనే చెప్పాల్సిన గుర్తు. ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు వింటున్నంతసేపూ కవాటం కదులుతోందని అనుకుని కళ్ళు మూసుకోండి.

“నా పాపం నేనే చేసుకున్నాను” అన్న మాట ఉత్తరంలో నాలుగుసార్లు ఉంది. జ్వరం దాచడం పొరపాటే. కాదంటే మీరు నమ్మరు, నేను అబద్ధం చెప్పలేను. క్లినిక్‌లో కవాటం మాట చెప్పకపోవడమూ పొరపాటే. కానీ ఆ జబ్బు మొదట్లో మామూలు జ్వరంలాగే ఉంటుంది. మన ప్రాంతంలో మూడు వారాల జ్వరమంటే టైఫాయిడ్, మలేరియా, క్షయ అని వరసగా అనుమానిస్తారు, కవాటం సంగతి తెలిసినవారు కూడా తొలి వారంలో తేల్చలేకపోవచ్చు. పైగా మీరు జ్వరం దాచింది ఎందుకు? పెళ్ళి పందిట్లో మీ అనారోగ్యం గుసగుస కాకూడదని, ఆడపడుచు పీటల మీద కూర్చునే పూట ఇంట్లో అందరి ముఖాలూ కళగా ఉండాలని. మన ఇళ్ళల్లో కోడళ్ళకు ఇది ఎవరూ చెప్పకుండానే అబ్బుతుంది. నాకు దాని మీద కోపం ఉంది, మీ మీద లేదు. ఇప్పుడు పన్ను నొప్పి కూడా అలాగే దాస్తున్నారు. పోయినసారి పెళ్ళి, ఈసారి గొలుసు బాకీ. మళ్ళీ ఖర్చు పెట్టించలేనన్న సిగ్గు. పంటి చికిత్స వేల రూపాయల్లో తేలుతుంది. అది ముదిరి కవాటం దాకా పోతే ఎంతవుతుందో మీ అత్తగారి గొలుసు చెబుతుంది. ఆవిడకు పన్ను సంగతి చెప్పేటప్పుడు ఈ లెక్కతోనే చెప్పండి. లెక్కలు తెలిసిన మనిషిలాగే ఉన్నారు.

మొక్కు విషయానికి వస్తున్నాను. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయమని నేను చెప్పను. 42 రోజులు పాపను బడికి పంపి, చారన్నం క్యారియరు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి, మరేమీ చేయలేక ఏడుకొండలవాడిని పట్టుకున్నారు. ఆ ముడుపులో ఉన్నది ఆవిడ భయం. మీరు థర్మామీటరుతో చేస్తున్నది, ఆవిడ “వడ్డికాసులవాడు” అని గుర్తుచేయడం, రెండూ ఒకటే. బాకీ తీరకపోతే కోడలిని మళ్ళీ ఎక్కడ తీసుకుపోతారో అని.

ఒక దారి, మొక్కు ఉన్నదున్నట్టు చెల్లించడం. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొదటి భాగం, గాలిగోపురం దాకా, బాగా ఆయాసపెడుతుంది. మెట్లు 2,388 మాత్రమేనని శ్రీవారి మెట్టు వైపు వెళదామని ఎవరైనా అంటే, రెండు కిలోమీటర్లలోనే ఆ ఎత్తంతా ఎక్కాలని గుర్తుంచుకోండి. కాబట్టి ముందు ఎకో తీయించుకుని, ఎక్కవచ్చా అని గుండె డాక్టరును సూటిగా అడగాలి. సరే అంటే ఎండ లేని నెలలో, వేకువజామున, మధ్యలో ఆగుతూ వెళ్ళవచ్చు. ఎక్కగలిగితే మీకు వచ్చే ధైర్యం ఏ మందూ ఇవ్వలేదు. దారి మధ్యలో ఆయాసం వచ్చి ఆగాల్సి వస్తే మాత్రం మీ భయమూ ఆవిడ భయమూ రెట్టింపవుతాయి. గుండు విషయంలో, కల్యాణకట్టలో కొత్త బ్లేడు వాడతారు. అయినా అసిట్రోమ్ మీద ఉన్నవారికి తల మీద చిన్న గాటు కూడా చాలాసేపు కారుతుంది, గాటు పడిన చర్మం క్రిములకు దారి. ప్రమాదం పెద్దది కాదు, లేకపోలేదు.

రెండో దారి వాయిదా. ఏడాది నిండాక చూద్దామనడం. ఒంటికి ఇది మంచిదే. కానీ ముడుపు కళ్ళ ముందే ఉంటుంది. ఈలోగా పాపకు జలుబు చేసినా, జీపు టైరు పంక్చరైనా మొక్కు ఖాతాలోనే రాస్తారు. మీ ఇంట్లో అది ఎంత బరువవుతుందో మీకే తెలుసు.

మూడోది, మొక్కును పంచుకోవడం. మొక్కుకున్నది ఆవిడ. నడక ఆవిడ గానీ, ఆవిడ తరఫున కొడుకు గానీ నడిస్తే, మీరు ఘాట్ రోడ్డు మీద జీపులో వెళ్ళి పైన కలుసుకోవచ్చు. గుండుకు బదులు మూడు కత్తెరలు ఇవ్వడం ఎందరో ఆడవాళ్ళు చేసేదే. కత్తెర చర్మాన్ని తాకదు. ముడుపు మీ చేతులతో హుండీలో వేయండి. అత్తగారు మొదట ఒప్పుకోకపోవచ్చు, మొక్కు మార్చడమా అని బాధపడవచ్చు. ఆ మాట మీరు ఒంటరిగా చెప్పకండి. తరువాతిసారి గుండె డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్ళండి. “మా అత్తగారు నన్ను నడిపిస్తానని మొక్కుకున్నారు, ఎక్కవచ్చా?” అని ఆవిడ ముందే అడగండి. మీరు కాదన్నట్టు ఉండదు, ఆవిడకు ఎదురు చెప్పినట్టూ ఉండదు. నాకు ఈ దారే నచ్చుతుంది, కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు.

మీ వారి గురించి నేను ఎక్కువ రాయను. ఆ కూత వినలేక బయటికి వెళ్ళేవాడు పట్టనివాడు కాదు. ఆసుపత్రి బయట జీపులో పడుకుని 42 రాత్రులు గడిపారని మీరే రాశారు. ఆయనతో భయం గురించి మాట్లాడబోతే పారిపోతారు. ఒక పని అప్పగించండి. ఐఎన్ఆర్ పరీక్షకు, 21 రోజుల ఇంజక్షన్‌కు తేదీలు గుర్తుపెట్టి తీసుకెళ్ళడం ఆయన బాధ్యత. రోజూ ఘాట్ రోడ్డు మలుపులు లెక్కతప్పకుండా తిప్పే మనిషికి తేదీలు కష్టం కాదు.

పాప సంగతి మాత్రం మీరు రాసిన రెండు వరుసలు చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాను. రోజూ బడికి బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర మీ నుదుటి మీద చేయి వేసి “చల్లగానే ఉందమ్మా” అని చెప్పి వెళుతుందట. తొమ్మిదేళ్ళ చేతికి ఆ పని ఉండకూడదు. వద్దని కసిరితే లోపల దాచుకుంటుంది, మీలాగే. ఆ అట్టముక్క రాసేటప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అందంగా రాసే పని దానికే ఇవ్వండి. “అమ్మకు జ్వరం వస్తే అమ్మ ఏం చేయాలో ఇందులో ఉంది, నాన్న దగ్గర కూడా ఉంది, నువ్వు చూడనక్కరలేదు” అని చెప్పండి. ఆ తరువాత కూడా కొన్నాళ్ళు చేయి వేస్తుంది. వేయనివ్వండి, మెల్లగా మరిచిపోతుంది.

ఇరుగుపొరుగు ఆకుకూరలు తినవద్దన్నారని అడిగారు. మా పిన్ని ఇదే మాత్ర పదకొండేళ్ళు వేసుకుంటూ వారానికి రెండుసార్లు గోంగూర తిన్నది. మునగాకు, తోటకూర, గోంగూర ఐఎన్ఆర్‌ను తగ్గిస్తాయి, నిజమే. అందుకని మానేయడం కాదు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినడం. సూది గుచ్చుకుంటే సబ్బునీళ్ళతో కడిగి, ఎర్రబడి ఉబ్బితే చూపించండి. సెగ్గడ్డలు గిల్లవద్దు. చెవుల్లో రొద ఇంకా ఉందన్నారు, మీకు ఇచ్చిన మందుల్లో జెంటామైసిన్ ఉంటే దానివల్ల కావచ్చు, చెవి పరీక్ష ఒకటి చేయించండి.

వెంటనే ఐఎన్ఆర్ పరీక్ష, ఈ వారంలోనే గుండె డాక్టరుతో పన్ను మాట, ఆయన రాసిచ్చిన చీటీతో దంతవైద్యుల దగ్గరికి. కొలతల పుస్తకంలో ఆ తేదీ రాసుకోండి. చికిత్స అయిన రోజు సాయంత్రం నాకు ఒక కార్డు ముక్క రాయండి. పన్ను తీశారా, నిలబెట్టారా, ముందు ఏ మందు ఇచ్చారు అన్నది చాలు.